షావోలిన్ 36వ గది: ప్రేక్షకుల తీర్పులు

ఒక చలనచిత్రమునకు విడుదలనాటి వసూళ్లు ఒక చరిత్ర. దానిని చూచినవారు తరతరములుగ చెప్పుకొనిన అభిప్రాయములు మరియొక చరిత్ర. మొదటిది లెక్కల పుస్తకములలో నిలిచిపోవును. రెండవది జనుల నోళ్లలో మారుచు, పెరుగుచు, ఒక్కొక్కప్పుడు తలక్రిందులగుచు వచ్చును. హాంగ్‌కాంగ్ నగరమున షా సోదరుల సంస్థ 1978లో వెలువరించిన ‘షావోలిన్ 36వ గది’ అను కుంగ్‌ఫూ చిత్రమునకు ఈ రెండవ చరిత్ర మిక్కిలి విరివియైనది. చీనా దక్షిణ ప్రాంతమునుండి వచ్చి హాంగ్‌కాంగ్‌లో నిలద్రొక్కుకొనినవారు దానిని ఒక కంటితో చూచిరి. న్యూయార్కు నగరములోని నల్లజాతి యువకులు మరియొక కంటితో చూచిరి. చరిత్రకారులు సందేహించుచు చూచిరి. ఇన్ని తీర్పుల నడుమ ఆ చిత్రము నేటికిని చర్చకు వచ్చుచుండుటకు కారణమేమో ఈ వ్యాసమున పరిశీలింతము.

తెలుగువారి సంచికలో చీనా చిత్రమును గూర్చిన ప్రసంగమేల యని పాఠకులు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. పుట్టిన సీమను విడిచి వేరొక చోట స్థిరపడిన ఒక కుటుంబము, తాతలనాటి విద్యను వెంట తెచ్చుకొని, దానిని ఎవరికి అప్పగించవలెనను చింతతో జీవించినది. ఆ చింతయే ఈ చిత్రరూపమును ధరించినది. అట్టి చింత కర్ణాటకమునను, తమిళనాడునను, ఒడిశాలోను, మహారాష్ట్రమునను, యానాములోను తరతరములుగ కాపురముండిన మనకు క్రొత్తది కాదు. ఈ ఒక్క కారణము చాలునని నా తలంపు.

చిత్రము, దాని కథ

చిత్రమునకు దర్శకుడు లావ్ కర్-ల్యుంగ్. మాండరిన్ ఉచ్చారణమున లియు చియా-లియాంగ్ అందురు. కథానాయకుడు గోర్డన్ లియు. ప్రతినాయక పాత్రధారి లో లియె. ఈ లో లియెయే 1972 నాటి ‘కింగ్ బాక్సర్’ అను షా సోదరుల చిత్రమున నాయకుడు. ఆ చిత్రమే 1973లో అమెరికాలో ప్రదర్శింపబడి అచ్చట కుంగ్‌ఫూ చిత్రములకు బాట వేసినది.

కథాకాలము మంచూ వంశీయులగు చింగ్ చక్రవర్తులు చీనాను ఏలుచున్న కాలము. కాంటన్ నగరమున లియు యూ-తె అను విద్యార్థి తన గురువు ప్రేరణచే పరిపాలకుల దౌర్జన్యమును ఎదిరించు రహస్య యత్నములలో పాల్గొనును. సేనాని తియెన్ తా ఈ సంగతి పసిగట్టి పాఠశాలను రూపుమాపును. విద్యార్థి తన వారిని కోల్పోయి, గాయములతో తప్పించుకొని షావోలిన్ మఠమును చేరును. మఠాధిపతి దయదలచి చేర్చుకొనగా సాన్ తె అను భిక్షునామమును పొందును. అయినను వెంటనే విద్య లభింపదు. ఒక సంవత్సరము చీపురు పట్టి ఊడ్చిన పిమ్మటనే సాధనశాలలలో అడుగిడుటకు అనుమతి కలుగును.

మఠమున 35 గదులు కలవు. ఏ గదినుండి ఆరంభించెదవని అడుగగా, ఉత్సాహవంతుడగు ఆ యువకుడు అన్నింటికంటె పైదగు గదిని కోరును. అచ్చట వృద్ధ భిక్షువులు ధర్మసూత్రములను పఠించుచుందురు. ఆ పఠనము అతనికి అర్థము కాదు. క్షణకాలము నిలువలేక కూలిపోవును. పిమ్మట అట్టడుగునుండి ఆరంభించి, కొద్ది యేండ్లలో 35 గదులను దాటును. శిక్షాధికారియగు భిక్షువు జంటకత్తులతో అతనిని పరీక్షించి పలుమారులు ఓడించును. సాన్ తె మూడు తునకలుగ మడగు ఒక క్రొత్త దండమును కల్పించుకొని తుదకు గెలుచును. ఏ గదికైనను అధికారిగ నుండుమని మఠము కోరగా, అతడు 36వ గదిని తెరువవలెనని విన్నవించును. ఆ గది మఠము వెలుపలి సామాన్య జనులకు విద్య నేర్పు గది. పెద్దలు అంగీకరింపరు. మఠాధిపతి పైకి దండనగ కనబడునట్లు అతనిని భిక్షాటనకై వెలుపలికి పంపును. సాన్ తె తన యూరు చేరి, శిష్యులను కూర్చుకొని, సేనానిని జయించి, మఠమునకు మరలివచ్చి 36వ గదిని స్థాపించును.

సొంతవారి చూపు

హాంగ్‌కాంగ్ ప్రేక్షకులకు ఇందలి పేర్లు క్రొత్తవి కావు. ఆ నగరవాసులలో అధికసంఖ్యాకులు కాంటన్ నగరము గల గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమునుండి వచ్చినవారు, వారి సంతతివారు. షావోలిన్ మఠము, దానిని ధ్వంసము చేసిన మంచూ ప్రభువులు, చెదరిపోయిన శిష్యులు ఊరూర విద్యను నాటుట అను గాథలు వారి యిండ్లలో ప్రచారమున నుండెడివి. 1949లో ఆరంభమైన వాంగ్ ఫే-హుంగ్ చిత్రపరంపర ఈ గాథలను వెండితెరపై నిలిపెను. క్వాన్ తాక్-హింగ్ అను నటుడు ఆ వీరవైద్యుని పాత్రను 70కి పైగా చిత్రములలో ధరించెను. ఆ పరంపరలో లావ్ చామ్ అను కుంగ్‌ఫూ గురువు నటించెను. ఆయన కుమారుడగు లావ్ కర్-ల్యుంగ్ అచ్చటనే చిన్న వేషములతోను, పోరాటములతోను వృత్తిని అభ్యసించెను.

ఈ కుటుంబపు గురుపరంపర చెప్పుకొనదగినది. లావ్ చామ్ గురువు లామ్ సాయ్-వింగ్. లామ్ సాయ్-వింగ్ గురువు వాంగ్ ఫే-హుంగ్. వీరందరిది హుంగ్ శాఖ. సంప్రదాయము ప్రకారము ఆ శాఖకు మూలపురుషుడు హుంగ్ హ్సి-క్వాన్. దర్శకుని చిత్రములను వరుసగ చూచినచో ఒక విశేషము గోచరించును. 1976లో తీసిన ‘చాలెంజ్ ఆఫ్ ది మాస్టర్స్’ యువకుడగు వాంగ్ ఫే-హుంగ్ తన గురువగు లుక్ ఆ-చోయ్ కడ విద్య నేర్చిన కథ. 1977లో తీసిన ‘ఎగ్జిక్యూషనర్స్ ఫ్రమ్ షావోలిన్’ మూలపురుషుడగు హుంగ్ హ్సి-క్వాన్ కథ. 1978లో తీసిన ఈ చిత్రము ఆ మూలపురుషునికిని ముందటి మఠముయొక్క కథ. మూడేండ్లలో మూడు మెట్లు వెనుకకు నడచి, ఆయన తన యింటి విద్య ఊటను చేరెను. ఈ చిత్రమున సాన్ తె పోగుచేసిన శిష్యులలో హుంగ్ హ్సి-క్వాన్ ఒకడు. అనగా 36వ గది తెరువబడనిచో దర్శకుని వంశమునకు ఆ విద్యయే లేదన్నమాట. ఈ సంబంధమును ఎరిగిన ప్రేక్షకులకు చిత్రపు తుది ఘట్టము కేవలము విజయముగ కాక, ఒక గురువందనముగ తోచును.

ఆనాటి హాంగ్‌కాంగ్ చిత్రరంగమున భాష విషయము కూడ గమనింపదగినది. నగర ప్రజల యింటి భాష కాంటనీసు. షా సోదరుల చిత్రముల భాష ప్రధానముగ మాండరిన్. 1970 దశాబ్ది ఆరంభమున కాంటనీసు చిత్రములు దాదాపు అంతరించినట్లు కనబడెను. 1973లో చోర్ యూన్ దర్శకత్వమున వెలువడిన ‘డెబ్బదిరెండు కాపురముల యిల్లు’ అను కాంటనీసు చిత్రము జనాదరణ పొందిన తరువాతనే ఆ భాషకు తెరపై మరల చోటు దొరకినది. కాంటన్ వీరుల గాథను కాంటన్ వంశీయులే తీసి, వేరు భాషలో పలికించుట ఆ కాలపు వాణిజ్య రీతి. పలుకు మారినను, చేతుల కదలికలో తమ సీమ శాఖలను గుర్తించి సంతోషించినవారు కలరు. దేహము పలికిన మాటకు అనువాదము అవసరము లేకపోయినది.

సాధన ఘట్టములపై తగవు

ఈ చిత్రమును చూచినవారి నడుమ ప్రధానమైన తగవు సాధన ఘట్టములను గూర్చినది. కుంగ్‌ఫూ చిత్రమనగా ఆరంభమునుండి అంతము వరకు కొట్లాట యుండవలెనని కోరువారికి ఈ చిత్రము నడిమిభాగము దీర్ఘముగ తోచును. శత్రువు కనబడడు, పగ తీరదు, నాయకుడు గదినుండి గదికి పోవుచు దెబ్బలు తినుచుండును. మరియొక పక్షమువారు ఆ భాగమే చిత్రమునకు ప్రాణమందురు.

ఆ గదులను కొంచెము వర్ణించిననే గాని ఈ తగవు బోధపడదు. భోజనశాలకు పోవు దారిలో నీటి గుంట. దానిపై తేలుచున్న దుంగల కట్ట. దానిపై తేలికగ అడుగు వేసి దాటినవానికే అన్నము. పడినవాడు తడిసి నిలువవలెను. సాన్ తె రాత్రివేళ ఒంటరిగ అభ్యాసము చేసి, బరువును ఎట్లు పంచవలెనో తానే కనుగొనును. మరియొక చోట రెండు చేతులను చాచి నీటి బిందెలను గట్టుపైకి మోయవలెను. చేతులకు కత్తులు కట్టబడి యుండును. చేయి వాల్చినచో మొన ప్రక్కలో గ్రుచ్చుకొనును. ఇంకొక గదిలో పొడవైన వెదురు కొనకు బరువైన సుత్తి కట్టి, మణికట్టు బలముతో, పఠనపు లయకు తగినట్లు గంటను మ్రోగింపవలెను. వేరొక గదిలో తలకు ఇరుప్రక్కల నిప్పుగల అగరువత్తులు; తల కదల్పక, కన్నులతో మాత్రమే దీపపు కదలికను వెంబడింపవలెను. మరియొక గదిలో వ్రేలాడు ఇసుక సంచులను నుదుటితో కొట్టుచు ముందుకు సాగి దైవమునకు అగరువత్తి సమర్పింపవలెను.

ఈ ఘట్టములలో గురువులు చెప్పు మాటలు మితము. సూత్రమును వివరించుటకంటె పనిని ఒప్పగించుట వారి పద్ధతి. మన పల్లెలలో తాలింఖానాలో సాము నేర్చినవారికిని, మృదంగము నేర్చినవారికిని ఈ పద్ధతి తెలిసినదే. నెలల తరబడి ఒకే జతిని కొట్టించి, ఎందుకని అడుగనీయని గురువు మనయందును ఉండెను. అందువలన సాధన ఘట్టములు విసుగు కలిగించునను తీర్పుతో నేను ఏకీభవింపజాలను. సాధారణముగ తెరపై వీరుడు పుట్టువీరుడు. ఈ చిత్రమున వీరుడు తయారగుచుండగా మనము ప్రక్కన నిలిచి చూతుము. ఆ కష్టము కన్నులార చూచిన పిమ్మట అతని గెలుపు మనకు నమ్మదగినదగును.

అయితే విరుద్ధపక్షమువారి ఆక్షేపణలలో సత్యము లేకపోలేదు. 35 గదులని పేరు చెప్పి కొన్నింటిని మాత్రమే చూపిరని కొందరందురు, అది నిజము. మఠమునుండి వెలువడిన పిదప కథ పరుగులిడినదని, శిష్యులు ఒక్కొక్కరుగ పరిచయమగుచుండగనే చిత్రము ముగియునని మరికొందరందురు, అదియు నిజము. పేరునకు కారణమైన 36వ గది చిత్రాంతమున మాత్రమే కొలది సేపు దర్శనమిచ్చును. స్త్రీ పాత్రలకు ఇందు దాదాపు చోటు లేదు. సామాన్యులందరికిని విద్య కావలెనని వాదించిన చిత్రమున ఆ సామాన్యులలో సగము మంది కానరాకుండుట లోపమే. ఇదే దర్శకుడు 1981లో ‘మై యంగ్ ఆంటీ’ అను చిత్రమున కారా హుయిని ప్రధాన పాత్రలో నిలిపి ఈ కొరతను కొంత తీర్చెను. ఆ పాత్రకే ఆమెకు 1982లో మొట్టమొదటి హాంగ్‌కాంగ్ చలనచిత్ర పురస్కారములలో ఉత్తమ నటి గౌరవము లభించెను.

చరిత్రకారుల సందేహములు

చరిత్ర తెలిసిన ప్రేక్షకులు మరియొక ప్రశ్న వేయుదురు: ఇందులో నిజమెంత? షావోలిన్ మఠము కల్పితము కాదు. అది హేనాన్ రాష్ట్రమున డెంగ్‌ఫెంగ్ సమీపమున సుంగ్ పర్వతముపై నున్నది. క్రీ.శ. 495 ప్రాంతమున బాతువో అను భారతీయ భిక్షువు కొరకు దానిని నిర్మించిరని చెప్పుదురు. 621లో ఆ మఠపు భిక్షువులు టాంగ్ వంశీయుడగు లి షీ-మిన్ పక్షమున యుద్ధమున సహాయపడిరనుటకు 728 నాటి శిలాశాసనము నేటికిని అచ్చట కలదు. పదునారవ శతాబ్దిలో భిక్షువులు సముద్రపు దొంగలతో పోరాడిరి. వారి కర్రసాము ప్రసిద్ధి కెక్కెను. 1928లో యుద్ధనాయకుల కలహములలో మఠము తగులబడెను. 2010లో డెంగ్‌ఫెంగ్ చారిత్రక కట్టడములలో భాగముగ అది ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినది.

చిత్రమున చూపిన 35 గదుల క్రమము మాత్రము కవికల్పనగనే గ్రహింపదగినది. సాన్ తె, హుంగ్ హ్సి-క్వాన్ మున్నగువారు దక్షిణ చీనా వీరగాథలకు చెందినవారు. ఆ గాథలలోని మఠము ఫూజియన్ రాష్ట్రమున నుండెననియు, దానిని చింగ్ ప్రభుత్వము తగులబెట్టెననియు జనశ్రుతి. ఆ దక్షిణ మఠముయొక్క ఉనికియే పండితుల నడుమ వివాదాస్పదము.

ఇచ్చట మనకు దగ్గరి ముచ్చట యొకటి కలదు. షావోలిన్ విద్యకు ఆద్యుడు దక్షిణ భారతమునుండి వెడలిన బోధిధర్ముడని, అతడు కాంచీపురవాసియని లోకమున ప్రసిద్ధి. తమిళనాట స్థిరపడిన తెలుగువారు ఈ మాటను తరచుగ వినియుందురు. 2011లో వెలువడిన ‘ఏళాం అరివు’ అను తమిళ చిత్రము ఈ ప్రసిద్ధిని మరింత వ్యాపింపజేసెను; అది ‘సెవెన్త్ సెన్స్’ అను పేర తెలుగునను వచ్చినది. కాని ఆధారములు ఇంత సులభముగ లేవు. బోధిధర్ముని ప్రస్తావించిన మిక్కిలి ప్రాచీన రచన 547 నాటిది. అది అతనిని పారసీకునిగ చెప్పినది. దక్షిణ భారతీయుడను మాట అతని శిష్యవర్గమునకు సంబంధించిన రచనలో కలదు. అతడు వ్యాయామ విద్యను బోధించెనను మాటకు మూలము 1624 నాటి ‘ఈ-జిన్-జింగ్’ అను గ్రంథము. దాని పీఠికలు కూటరచనలని పండితులు నిర్ణయించిరి. మెయిర్ షహార్ 2008లో ప్రచురించిన షావోలిన్ చరిత్రలో ఈ విషయములను విపులముగ చర్చించెను. మనవారి కీర్తిని చాటుకొనుటకు తొందరపడక, నిలిచిన ఆధారమును మాత్రమే పట్టుకొనుట మనకు గౌరవము.

కల్పనయని తేలిన తరువాత చిత్రమునకు విలువ తగ్గునా? తగ్గదని నా అభిప్రాయము. గదులు కల్పితములు కావచ్చును. ఆ గదులలో దేహమునకు నేర్పిన శిక్షణ మాత్రము ఒక నిజమైన వంశము తరతరములుగ సాధించిన విద్యనుండి వచ్చినది.

సముద్రము దాటిన తీర్పు

అమెరికాలో ఈ చిత్రము ‘మాస్టర్ కిల్లర్’ అను పేర ప్రదర్శింపబడెను. నేర్చుకొనుటను గూర్చిన చిత్రమునకు చంపుటను గూర్చిన పేరు! ఆంగ్లమున చేర్చిన గొంతులు, అంచులు కత్తిరింపబడిన ప్రతులు, న్యూయార్కు 42వ వీధిలోని చవుక హాళ్లు, తరువాత టెలివిజన్ ప్రసారములు ఈ చిత్రమును అచ్చటి యువకులకు చేర్చిన దారులు. పెదవుల కదలికకు పొసగని మాటలను విని నవ్వినవారు పెక్కురు. అట్టి వికృతరూపమున చూచి కూడ దాని సారమును గ్రహించినవారు ఉండుట ఆశ్చర్యము.

వారిలో నల్లజాతి యువకులు ముఖ్యులు. స్టాటెన్ ఐలండు వాసులు ప్రముఖులుగ నున్న వు-టాంగ్ క్లాన్ అను గాయకబృందము 1993 నవంబరులో వెలువరించిన తొలి సంపుటికి ‘ఎంటర్ ది వు-టాంగ్ (36 చేంబర్స్)’ అని పేరు పెట్టెను. తమ ద్వీపమునకే షావోలిన్ అను ముద్దుపేరు నిచ్చుకొనెను. బృందనాయకుడు, రిజా అను పేర ప్రసిద్ధుడు, ఆ చిత్రములోని ప్రభుత్వ దౌర్జన్యము తమ జీవితమునకు దగ్గరగ తోచినదని పలుమారులు చెప్పెను. చీనా భాష రాని, కాంటన్ ఎచ్చటనున్నదో ఎరుగని యువకులు ఆ మఠమును తమ యిల్లుగ భావించుకొనిరి. పగను వెంటనే తీర్చుకొనుటకంటె ముందు తమను తాము తీర్చిదిద్దుకొనుట అవసరమను సందేశము వారిని ఆకర్షించెను. చిత్రము కోరిన 36వ గది ఇట్లు ఎవరును ఊహింపని చోట తెరువబడినదని చెప్పవచ్చును.

2002నుండి సెలెస్టియల్ సంస్థ షా సోదరుల పాత చిత్రములను పునరుద్ధరించి వెలువరించుట ఆరంభించిన పిమ్మట అభిప్రాయములు మరల మారినవి. పూర్తి వెడల్పున, మూలభాషలో చూచినవారికి దర్శకుని నిదానము, దృశ్యముల కూర్పు తెలియవచ్చెను. పూర్వము వేడుకకై చూచినవారు శ్రద్ధగ చూడసాగిరి. గోర్డన్ లియు 2003, 2004 సంవత్సరములలో క్వెంటిన్ టరంటినో తీసిన ‘కిల్ బిల్’ రెండు భాగములలో రెండు వేర్వేరు పాత్రలు ధరించుటయు క్రొత్త తరమును పాత చిత్రము వైపు మరల్చెను.

ఆంధ్రదేశమునను హాంగ్‌కాంగ్ చిత్రములకు ప్రత్యేకమైన ఆదరణ కలిగినది. శ్రీ ఎస్.వి. శ్రీనివాస్ గారు 2003లో ప్రచురించిన పరిశోధనమున ఈ చిత్రములను చిన్న హాళ్ల వలయముతో ముడిపెట్టి చర్చించిరి. అరిగిన ప్రతులు, అర్థము కాని ఆంగ్ల సంభాషణలు, పేరు మారిన చిత్రములు. అయినను ఆ హాళ్లకు ప్రేక్షకులు పోయిరి. వారి అభిప్రాయములు పత్రికల కెక్కలేదు. కాని తెలుగు చిత్రముల పోరాటములలోను, 2001 నాటి ‘భద్రాచలం’ వంటి చిత్రము క్రీడాశిక్షణను కథగ గ్రహించుటలోను ఆ చూపు జాడ కనబడుచున్నది. వ్రాయనేరని ప్రేక్షకుడు కూడ తీర్పు చెప్పగలడనుటకు ఇది తార్కాణము.

తలుపు తెరువవలెనా?

ఇన్ని తీర్పుల అడుగున ఒకే ప్రశ్న దాగియున్నది. మఠపు విద్యను వెలుపలివారికి ఈయవలెనా? సాన్ తె పక్షము మనకు సులభముగ ప్రియమగును. జనులు బాధపడుచుండగా విద్యను గోడల నడుమ దాచుట అన్యాయమని అతని వాదము. కాని కొందరు ప్రేక్షకులు పెద్దల పక్షమును సమర్థింతురు. ఒక సంవత్సరము చీపురు పట్టని వానికి, ధర్మసూత్రము వినని వానికి, దెబ్బ కొట్టు నేర్పును మాత్రమే అప్పగించిన అది విద్యయగునా, ఆయుధమగునా యని వారి సందేహము. భిక్షువు ప్రతీకారమునకై మఠమును వాడుకొనెనని కూడ వారి ఆక్షేపణ. ఈ ఆక్షేపణను చిత్రము పూర్తిగ తోసిపుచ్చలేదు. మఠాధిపతి దండన వంటి అనుమతి నిచ్చుటలోనే ఆ సంకటమంతయు కలదు. నియమమును చెరుపక, ద్వారమును మూయక, ఆయన నడిమి మార్గమును వెదకెను.

1980లో ఇదే దర్శకుడు తీసిన ‘రిటర్న్ టు ది 36త్ చేంబర్’ ఈ ప్రశ్నకు మరియొక సమాధానము చెప్పినది. కూలి తగ్గింపబడిన అద్దకపు పనివారికి సాయపడబోయి, గోర్డన్ లియు ధరించిన పాత్ర తాను సాన్ తె నని బొంకి భంగపడును. నిజమైన విద్యకై మఠము చేరగా అతనిని పరంజాలు కట్టుమని నియోగింతురు. పని చేయుచునే తనకు తెలియకుండ విద్యను నేర్చును. సామాన్యుడు భిక్షువు కానక్కరలేదు. తన పనిలోనే శిక్షణ కలదని ఆ హాస్యచిత్రపు భావము. మొదటి చిత్రమున హడావుడిగ ముగిసిన భాగమును ఇది పూరించినదని భావించు ప్రేక్షకులు కలరు. ఆ తీర్పు నాకును సమంజసముగ తోచుచున్నది.

తెర వెలుపలి వృత్తాంతము ఇంతకంటెను బలమైన సాక్ష్యము. సాన్ తె పాత్రధారియగు గోర్డన్ లియు ఆ వంశమున పుట్టినవాడు కాడు. అతని జన్మనామము సిన్ కామ్-హెయ్. బాల్యమున లావ్ చామ్ కడ విద్య నేర్చి, ఆయనకు పెంపుడు కొడుకు వంటివాడై, ఆ యింటిపేరును ధరించెను. ఆయన గురువగు లామ్ సాయ్-వింగ్ పూర్వమే తమ శాఖ విద్యను పుస్తకములుగ ముద్రింపించి యుండెను. కుమారుడు ఆ విద్యను వెండితెర కెక్కించెను. గోప్యముగ నుంచినచో నాలుగిండ్లలో అంతరింపదగిన విద్య మూడు తరముల ఔదార్యముచే లోకవ్యాప్తమైనది. లావ్ కర్-ల్యుంగ్ 2013లో కన్ను మూసెను. ఆయన చూపిన సాధన మాత్రము నేటికిని పలు దేశముల ప్రేక్షకుల చర్చలలో నిలిచియున్నది.

ఈ వృత్తాంతమును మన స్థితికి అన్వయించుకొనుట పాఠకులకు కష్టము కాదు. మన కుటుంబములలో తెలుగు చాలవరకు యింటిలోపలి భాష. వంటింటను, పెండ్లిపందిటను, పెద్దల మందలింపులోను అది జీవించియున్నది. పలుకనేర్చి, అక్షరము చదువనేరని పిల్లలు మన యిండ్లలో పెక్కుమంది. పై గదిలోని సూత్రపఠనము వినిన సాన్ తె వలె, పెద్దలు పద్యము చదువగా వారు తెల్లబోయి చూచుచున్నారు. వారిని నిందించుట తగదు. వారికి మొదటి గది కావలెను. నీటిపై దుంగల వంటి చిన్న పరీక్ష, రాత్రి ఒంటరిగ సాధించుకొనగల చిన్న గెలుపు కావలెను. దినమునకు ఒక అక్షరము, వారమునకు ఒక ఉత్తరము, నెలకు ఒక కథ: ఇట్టివి మన గదులు.

రెండవ ప్రశ్న యింతకంటె కఠినమైనది. మన సంఘముల తెలుగు తరగతులు మన పిల్లలకు మాత్రమేనా? ప్రక్కింటి కన్నడ బాలుడు, తమిళ బాలిక, ఒడియా కోడలు, మరాఠీ అల్లుడు వచ్చి నేర్చుకొనగోరినచో మన ద్వారము తెరచియుండునా? నేర్పుట శ్రద్ధతో జరుగవలెనని మఠపు పెద్దలు చెప్పిన మాట సత్యము. వెలుపలివానికి నేర్పినందున విద్య తరుగదని సాన్ తె చెప్పిన మాటయు సత్యము. ఈ రెండింటిని కలిపి నడుపగలిగిన సంఘములు తమ భాషను మనుమల కాలము వరకు నిలుపుకొనగలవు. మన సంఘములు ఆ శ్రద్ధను, ఆ ఔదార్యమును కూడ కలిగి వర్ధిల్లుగాక!